డ్రైవర్ సైడు

విజయవాడ ఆటోనగర్‌లోకి వచ్చి దుర్గాశంకర్ షెడ్డు ఎక్కడని అడిగితే, "అలైన్‌మెంట్ శంకరా, కుళ్ళు శంకరా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. మనిషి ఒక్కడే. బండి బాగుచేయించుకునే వాళ్ళు మొదటి పేరు వాడతారు, బాగుచేయించుకుని వెళ్ళిన వాళ్ళు రెండో పేరు వాడతారు. ఆ రెండో పేరు సంగతి అతనికి తెలియదని ఆటోనగర్ అంతా అనుకుంటుంది. అతనికి శుభ్రంగా తెలుసు. అది పెట్టింది అష్ఫాకే అని గట్టి నమ్మకం కూడా.

పెట్టింది అష్ఫాక్ కాదు. ఎవరో నాకు తెలుసు, చెప్పను. కానీ శంకర్‌కి సాక్ష్యాలు అక్కర్లేదు. తనకు జరిగిన ప్రతి చెడులోనూ అష్ఫాక్ చెయ్యి ఉందనీ, అష్ఫాక్‌కు జరిగిన ప్రతి మంచీ తన ఇంటికి రాబోయి దారి తప్పిందనీ అతని లెక్క.

శంకర్ వాళ్ళది పెడన. తండ్రి అంకమ్మరావు మగ్గం నేసేవాడు. మగ్గం మీద ఇంకో మనిషికి చోటు లేదని తేలాక, కొడుకుని తెచ్చి ఆటోనగర్‌లో బడే మియా చేతిలో పెట్టాడు. లారీ గుద్దుకుని వంకర పోతే, దాని వెనక ఇరుసుని మళ్ళీ దారిలో పెట్టడంలో బడే మియాని మించినవాడు అప్పట్లో లేడు. అదే ఏడాది వించిపేట నుంచి అష్ఫాక్ కూడా ఆ షెడ్డులోనే చేరాడు. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే రంగు గ్రీజు బట్టలు. ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు. శంకర్ తన వైపు కూర తక్కువుందని అప్పుడు కూడా అనేవాడు.

ఆ రోజుల్లో కంప్యూటర్లు లేవు. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా, బండికి రెండు పక్కలా దారం లాగి కట్టాలి. దారానికీ టైరుకీ మధ్య సందు ఎక్కడ ఎక్కువుందో, ఎక్కడ తక్కువుందో చూస్తే, ఏ చక్రం ఎటు చూస్తోందో తెలిసిపోతుంది. అష్ఫాక్ పడితే దారం వణికేది. శంకర్ పడితే గీత గీసినట్టు నిలబడేది. తెగిన పడుగు పోగులు అతుకుతూ పెరిగిన చెయ్యి మరి. ఇప్పటికీ అతను వాడేది పెడన నుంచి తెప్పించుకున్న నూలే.

బడే మియాకి ఒక అలవాటుంది. ఆయన నోటితో ఎవరినీ మెచ్చుకోడు. పని నచ్చితే, తను తాగుతున్న చాయ్ సగం సాసర్‌లో ఒంపి ఆ మనిషి ముందుకు జరుపుతాడు. అంతే. ఆ సాసర్ అందుకున్నవాడు ఆ రోజంతా ఆటోనగర్ రోడ్ల మీద ఛాతీ విరుచుకుని నడిచేవాడు. అష్ఫాక్‌కి చేరిన కొత్తలోనే వచ్చింది, బిగుసుకుపోయిన ఇంజను ఒకటి విప్పి మళ్ళీ తిప్పినందుకు. తర్వాత కూడా చాలాసార్లు వచ్చింది.

శంకర్‌కి ఒక్కసారి కూడా రాలేదు.

పని చేతకాక కాదు. అతని పనికి బడే మియా వంక పెట్టిన రోజు లేదు. కానీ శంకర్ పని ముగించగానే వచ్చి, చేతులు తుడుచుకుంటూ, సరిగ్గా ఆయన చాయ్ గ్లాసు వంకే చూస్తూ నిలబడేవాడు. అలా అడిగినట్టు నిలబడితే ఆయనకి ఒంపబుద్ధి కాదు. ఈ ముక్క శంకర్‌కి పెళ్ళయిన కొత్తలోనే భార్య రేణుక చెప్పింది. "మీరు ఆ గ్లాసు వంక చూడకండి, అదే వస్తది" అంది. ఆ మర్నాటి నుంచి అతను గ్లాసు వంక చూడకుండా, అష్ఫాక్ వంక చూస్తూ నిలబడటం మొదలుపెట్టాడు.

కాలం గడిచి ఇద్దరూ వేరువేరు షెడ్లు పెట్టుకున్నారు. రెండు వీధుల దూరం. బడే మియా పని మానేశాడు గానీ ఆటోనగర్ మానలేదు. రోజూ పొద్దున్నే వచ్చి ఎవరో ఒకరి షెడ్డు ముందు కుర్చీ వేయించుకునేవాడు. ఈమధ్య ఆ కుర్చీ అష్ఫాక్ షెడ్డు ముందు పాతుకుపోయింది. అష్ఫాక్ రేసు బండి కట్టాడు కాబట్టి.

డ్రాగ్ రేసంటే ఏమీ లేదు. తిన్నగా ఉన్న రోడ్డు మీద రెండు బండ్లు పక్కపక్కన నిలబెడతారు. జెండా ఊపగానే పావు మైలు. ముందు వెళ్ళినవాడు గెలిచినట్టు. మలుపు లేదు, గతుకు లేదు. "మలుపే లేని రోడ్డు మీద పోవడానికి డ్రైవరెందుకు, ఇటుక రాయి పెడితే చాలదా?" అనేవాడు శంకర్. కానీ పాత అంబాసిడర్‌లో పెద్ద ఇంజను దించి, ఆ బండితో అష్ఫాక్ రెండు రేసులు గెలిచేసరికి ఆటోనగర్ మొగలో ఫ్లెక్సీ లేచింది. ఫ్లెక్సీలో అష్ఫాక్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతున్నాడు. శంకర్ ఇంటికి వెళ్ళే దారి దాని కిందనుంచే. అతను దారి మార్చుకున్నాడు. పెట్రోలు ఎక్కువ అవుతోందని రేణుక అడిగితే, అటు ట్రాఫిక్ ఎక్కువన్నాడు.

అంబాసిడర్ చూడటానికి ఆటోనగర్ ఆటోనగరంతా వెళ్ళొచ్చింది. టింకరింగ్ వాళ్ళు, పెయింటర్లు, ఇడ్లీబండి వెంకటరత్నమ్మ కూడా వెళ్ళి దాని బానెట్ మీద చెయ్యి వేసి ఫొటో దిగింది. వెళ్ళనిది శంకర్ ఒక్కడే. రంజాన్‌కి అష్ఫాక్ భార్య సల్మా గిన్నెడు షీర్ ఖుర్మా పంపి, "అన్నయ్యా, ఒకసారి బండి చూసి పోవచ్చుగా" అని కబురు పెట్టింది. జీడిపప్పు తక్కువేశారని గొణుగుతూ గిన్నె నాకి పెట్టాడు గానీ, వెళ్ళలేదు. వెళ్తే బాగుందని ఒప్పుకోవాల్సి వస్తుందేమోనని భయం.

ఇలా ఉండగా ఒక శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక అష్ఫాక్ ట్రాలీ ఆటోలో రెండు టైర్లు వేసుకుని శంకర్ షెడ్డు ముందు దిగాడు.

"ఒరే శంకరూ, బండి ఎడం పక్కకి లాగుతోందిరా. గేరేసి తొక్కగానే ఎండ్రకాయ లాగా పక్కకి నడుస్తోంది. టైర్లు చూడు ఎట్టా తినేసిందో. ఆదివారం రేసు."

శంకర్ టైర్ల వంక చూడకుండా చేతిలో ఉన్న స్పానరు వంక చూశాడు. "కంప్యూటర్ అలైన్‌మెంటోళ్ళు బోలెడుమంది ఉన్నారుగా."

"వెళ్ళాను. వెనక ఇరుసు కదలదు, దానికి అలైన్‌మెంటేంటన్నారు. నువ్వొచ్చి ఒకసారి బండి చూడరా. ఉస్తాద్ కూడా అక్కడే కూచున్నాడు."

ఉస్తాద్ అంటే బడే మియా. ఆ మాటతో శంకర్ స్పానరు కింద పెట్టేశాడు. తను వెళ్ళి, అందరి ముందూ అష్ఫాక్ బండి కింద పడుకుని లేస్తే, చూసేవాళ్ళకి తను అష్ఫాక్ పనివాడిలా కనిపిస్తాడు. సాసర్ చాయ్ మళ్ళీ అష్ఫాక్‌కే పోతుంది.

"బండి చూడక్కర్లేదు. నాకు టైరు చాలు" అన్నాడు.

అది గొప్పకి అన్న మాటే గానీ, అబద్ధం కాదు. టైర్ల మీద తెల్ల పెయింటుతో ఒకదానికి ఎల్ అనీ ఇంకోదానికి ఆర్ అనీ రాసి ఉంది. రేసుల వాళ్ళు ఎడమకీ కుడికీ అలాగే రాస్తారట. శంకర్ కళ్ళు మూసుకుని ఎల్ టైరు మీద అరచెయ్యి అడ్డంగా ఒక వైపుకి నడిపాడు, నున్నగా జారింది. వెనక్కి నడిపాడు, రంపపు పళ్ళు తగిలినట్టు చెయ్యి పట్టేసింది. ఆర్ టైరు మీద కూడా అంతే, పళ్ళు అటే తిరిగి ఉన్నాయి. ఈ పళ్ళు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉంటే ఇరుసు వంగిందని అర్థం. రెండూ ఒకే వైపు ఉంటే ఇరుసు బాగానే ఉంది, మొత్తం ఇరుసే ఏటవాలుగా కూర్చుందని అర్థం. అంటే బండి బరువు మోసే కమాన్ కట్టల మీద ఒక పక్క జారింది. బండి ఎడమకి లాగుతోందంటే కుడి పక్కది వెనక్కి జరిగి ఉండాలి. లారీల్లో అతను ఇలాంటివి ఎన్ని చూశాడో.

సమాధానం తెలిసిపోయింది. అయినా వెంటనే చెప్పలేదు. అష్ఫాక్ అలా చేతులు కట్టుకుని, తన నోటి వంక చూస్తూ నిలబడటం బాగుంది. చాయ్ తెప్పించుకుని, తాగి, గ్లాసు కడిగించాడు. ఎల్, ఆర్ అన్న అక్షరాలు చూస్తుంటే మళ్ళీ ఒళ్ళు మండింది. ఆటోనగర్‌లో లారీల కింద పెరిగినవాడికి లెఫ్టూ రైటూ కావాల్సొచ్చాయా? ఇక్కడ పుట్టి బుద్ధెరిగిన ఎవడికైనా బండికి ఉండేవి రెండే పక్కలు. స్టీరింగు ఉన్నది డ్రైవర్ సైడు, అవతలిది క్లీనర్ సైడు. కుడి, ఎడమ అనే మాటలు అన్నం తినేటప్పుడు వాడుకుంటాం.

"నీ లెఫ్టూ రైటూ నాకు తెలీదు గానీ విను" అన్నాడు శంకర్, ప్రతి మాటా నొక్కుతూ. "డ్రైవర్ సైడు యు బోల్టులు వదులు చేసి, ఇరుసు గోరు మందం ముందుకి జరుపు. మళ్ళీ బిగించు. తిన్నగా పోతది. బిగించాక దారం కట్టి చూసుకో."

"నువ్వు చెప్పాక దారమెందుకురా" అన్నాడు అష్ఫాక్. శంకర్ భుజం మీద గట్టిగా చరిచి, టైర్లు ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

ఆ చరుపుకి శంకర్‌కి ఎక్కడో కొంచెం హాయిగా అనిపించింది. అది ఎక్కువసేపు నిలవనివ్వలేదు. పనంతా నాది, ఫ్లెక్సీ వాడిది అని గుర్తు చేసుకుని మళ్ళీ మామూలు మనిషయ్యాడు.

ఆదివారం పొద్దున్న గన్నవరంలో పనుందని రేణుకతో చెప్పాడు. "గన్నవరం పనికి ఇస్త్రీ చొక్కా ఎందుకండీ?" అందామె. "వెళ్ళి రండి. ఆయన గెలిస్తే మటుకు ఇంటికొచ్చి కంచాలు విసరమాకండి."

హనుమాన్ జంక్షన్ దాటాక ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ ఉంది. ప్లాట్లు అమ్ముడుపోలేదు గానీ, మధ్యలో వేసిన సిమెంటు రోడ్డు మాత్రం స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. రేసు అక్కడే. ఆటోనగర్ జనమంతా బయల్దేరే చోట గుమిగూడారు. శంకర్ ఎవరి కంటా పడకుండా అవతలి చివర, వాటర్ ట్యాంకు పక్కన నిలబడ్డాడు. అక్కణ్ణుంచి చూస్తే అంబాసిడర్ ముందు అద్దం మీద ఎండ పడి మెరుస్తోంది తప్ప లోపలేముందో కనిపించడం లేదు.

అతను మనసులో ఏం కోరుకున్నాడో చెప్తాను. అష్ఫాక్ గెలవకూడదు. అలాగని బండి వంకర పోకూడదు, పోతే తన మాట పోతుంది. కాబట్టి బండి దారం లాగినట్టు తిన్నగా వెళ్ళి, రెండో స్థానంలో రావాలి. అలైన్‌మెంట్ అద్భుతంగా ఉంది, ఇంజనే చాల్లేదు అని నలుగురూ అనుకోవాలి. అందులో బడే మియా కూడా ఉండాలి. దేవుణ్ణి ఇంత లెక్కగా కోరిక కోరినవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

జెండా ఊపారు. అంబాసిడర్ ముక్కు పైకెత్తి దూకింది. దూకీ దూకగానే ఎడమకి తిరిగింది. లాగడం కాదు, ఎవరో తోక పట్టి విసిరినట్టు తిరిగింది. అష్ఫాక్ ఎంత తిప్పుకున్నాడో గానీ, అది రోడ్డు దిగి, పక్కన పేర్చిన పాత టైర్ల గుట్టని ఎడమ పక్కతో గుద్ది, గుట్టలోకి సగం దూరిపోయి ఆగింది.

శంకర్ పరిగెత్తాడు. చెప్పులు ఎక్కడ వదిలేశాడో తెలియదు. ఆ పరుగులో మాత్రం అతనిలో కుళ్ళు లేదు, ఆ సంగతి నేను ఒట్టేసి చెప్పగలను. అందరికంటే ముందు చేరి, కుడి తలుపు పట్టుకుని గుంజాడు. తలుపు ఊడినంత పనయింది. లోపల సీటు లేదు. స్టీరింగు లేదు. లావుపాటి పొగగొట్టాలు మాత్రం అడ్డంగా ఉన్నాయి.

అష్ఫాక్ అవతలి పక్కన ఉన్నాడు. ఎడమ పక్కన, బెల్టుల మధ్య, తల వాల్చి.

పెద్ద ఇంజను దించినప్పుడు దాని గొట్టాలన్నీ కుడి పక్కకే వచ్చాయట. అక్కడ స్టీరింగుకి చోటు లేక అష్ఫాక్ దాన్నీ సీటునీ ఎడమ పక్కకి మార్చుకున్నాడు. ఈ విషయం ఆటోనగర్‌లో అందరికీ తెలుసు. ఇడ్లీబండి వెంకటరత్నమ్మకి కూడా తెలుసు. డ్రైవర్ సైడంటే శంకర్ ఉద్దేశం కుడి. అష్ఫాక్ తను కూర్చునే పక్క జరిపాడు. ఉన్న వంకర రెట్టింపయింది.

అష్ఫాక్‌ని బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఒక ఆస్పత్రిలో చేర్చారు. ఎడమ చెయ్యి విరిగింది, పక్కటెముకలు నలిగాయి. ప్రాణానికి భయం లేదన్నారు. శంకర్ ఆ సాయంత్రం వెళ్ళలేదు, మర్నాడూ వెళ్ళలేదు. షెడ్డులో కూర్చుని నూలుండ చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. రేణుక చూసి చూసి, "మీరు వెళ్తారా, నన్ను వెళ్ళి చెప్పమంటారా?" అంది. అప్పుడు లేచాడు.

వెళ్ళేసరికి గదిలో బడే మియా ఉన్నాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కులోంచి గ్లాసులో చాయ్ పోసుకుంటున్నాడు. ఆయన ఎక్కడికి వెళ్ళినా చేతిసంచిలో ఆ సాసర్ ఉంటుంది. శంకర్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"రా" అన్నాడు బడే మియా. "వెనక ఇరుసు ఎవరు సర్దారని వీణ్ణి అడుగుతున్నా. ఇప్పటిదాకా చెప్పలేదు."

శంకర్ నోరు తెరిచేలోపే మంచం మీద నుంచి అష్ఫాక్ అన్నాడు. "ఇప్పుడు చెప్తా ఉస్తాద్. శంకర్ టైరు తడిమి కరెక్టుగా చెప్పాడు, కుడి పక్క జరపమని. నేనే తొందరలో ఎడం పక్క జరిపా. దారం కట్టి చూసుకోమని కూడా చెప్పాడు. నేనే చూళ్ళేదు. తప్పు నాది."

బడే మియా శంకర్ వైపు తిరిగాడు. "బండి చూడకుండా, ఉత్త టైరు తడిమి?"

"ఉత్త టైరు తడిమే" అన్నాడు అష్ఫాక్.

ముసలాయన సంచిలోంచి సాసర్ తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. గ్లాసులోంచి సగం చాయ్ అందులో ఒంపి, మంచం పక్కనున్న బల్ల మీద శంకర్ వైపుకి జరిపాడు.

ఇన్నేళ్ళూ దేనికోసం కళ్ళు కాయలు కాచాయో అది శంకర్ ముందుకొచ్చింది. పైన సన్నగా పొగ లేస్తోంది. రెండు చేతులతో ఎత్తాడు. అంచు మీద నుంచి చుక్క ఒలికింది. దారం పట్టినప్పుడు ఎన్నడూ వణకని చేతులు. పెదాల దాకా తెచ్చుకుని, సాసర్ మీదుగా అష్ఫాక్ వంక చూశాడు. వాడు కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఏ బరువూ లేనివాడిలా, తాగరా అన్నట్టు చూస్తున్నాడు.

ఆ ముఖం చూసేసరికి శంకర్‌కి పాదం నుంచి నెత్తి దాకా భగ్గుమంది. ఇంజను వాడిది. రేసు వాడిది. ఫ్లెక్సీ వాడిది. ఆఖరికి దెబ్బ తగిలి పడుకుంటే జాలి కూడా వాడికే. ఇప్పుడు పెద్దమనసు కూడా వాడేనా చూపించేది? తనకి రాక రాక వచ్చిన సాసర్ కూడా వాడు దయతలిచి ఇప్పించిందేనా? దీన్ని తాగితే జన్మంతా వాడు పైన, తను కింద. అది మాత్రం అతనివల్ల కాలేదు.

సాసర్ ఠక్కున బల్ల మీద పెట్టేశాడు.

"వీడు అబద్ధాలాడుతున్నాడు ఉస్తాద్" అన్నాడు. గొంతు కీచుగా వచ్చింది. "నేను కుడి అని చెప్పలేదు. డ్రైవర్ సైడన్నాను. వీడు లెఫ్టూ రైటూ రాసుకున్నాడని ఒళ్ళు మండి అట్టా అన్నాను. బండి చూడ్డానికి రమ్మన్నాడు, కుళ్ళుకుని నేను పోలేదు. సీటు మార్చాడని నాకు తెలీదు. వీడి చెయ్యి విరగ్గొట్టింది నేను. ఆ గొప్ప కూడా వీడికే ఇస్తే ఎట్టా?"

మంచం కదిలింది. అష్ఫాక్ నవ్వుతున్నాడు. నవ్వితే పక్కటెముకలు పొడుస్తున్నాయి, బాగున్న చేత్తో వాటిని పట్టుకుని, "అమ్మా, అమ్మా" అంటూ నవ్వుతున్నాడు. కళ్ళలో నీళ్ళు నొప్పికో నవ్వుకో తెలియలేదు.

"ఒరే శంకరూ, దీనిక్కూడా కుళ్ళేనా!"

శంకర్ తల వంచుకుని సాసర్ వంక చూస్తూ నిలబడ్డాడు. బడే మియా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆ సాసర్ తన ముందుకి లాక్కున్నాడు. ఊదుకుంటూ తనే తాగేశాడు. ఆఖరి గుక్క దాకా తాగి, ఖాళీ సాసర్ శంకర్ చేతికిచ్చి, కడుక్కు రమ్మన్నాడు.

శంకర్ కడిగి తెచ్చి, తుడిచి, సంచిలో పెట్టాడు. ఇక వెళ్తానన్నట్టు గుమ్మం దాకా నడిచాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"రేపు మీ షెడ్డుకి పోయి బండి చూస్తా. దారం నేనే కడతా. ఏ సైడు తలుపు తియ్యాలో ముందే చెప్పి చావు."

"డ్రైవర్ సైడు" అన్నాడు అష్ఫాక్.